ఇంటర్నెట్‌కు పహాణీ రాసిన పోస్టెల్

హైదరాబాద్‌లో వాయిస్ సపోర్ట్ ఇంజినీర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? అయితే ఈ ప్రశ్న ఎదురవుతుందని ముందే అనుకోండి: ఆఫీసుల్లో వాడే ఐపీ ఫోన్ మన మాటను టీసీపీ మీద కాకుండా యూడీపీ మీద ఎందుకు పంపుతుంది? చాలామంది యూడీపీ ఫాస్ట్ కాబట్టి అనేసి ఊరుకుంటారు. ఆ జవాబు తప్పు కాదు గానీ సగం కూడా కాదు. అటు కూర్చున్నవాళ్లు వెంటనే, ఎందుకు ఫాస్ట్ అని అడుగుతారు. అక్కడ గొంతు తడారిపోతుంది. చిలుకూరు నుంచి రోజూ బస్సెక్కి కోదాడలో బీటెక్ చదివినవాళ్లయినా, మిర్యాలగూడలో డిగ్రీ చేసి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లయినా ఇక్కడ అందరిదీ ఒకటే పరిస్థితి. ఎందుకంటే మన గైడ్లలో టీసీపీకీ యూడీపీకీ తేడాల టేబుల్ ఉంటుంది. అసలు ఆ రెండూ ఎందుకు విడిపోవాల్సి వచ్చిందో ఉండదు.

విడిపోయిన ఆ కథలో ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్లలో ఒకరు జాన్ పోస్టెల్. కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ పాసైన ప్రతి ఒక్కరూ ఆయన పనిని చదివే పాసయ్యారు, పేరు మాత్రం పరీక్షలో రాదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. ఐపీ, టీసీపీ, యూడీపీ, ఐసీఎంపీ, ఎస్ఎంటీపీ, ఎఫ్‌టీపీ... మీరు సిలబస్‌లో చదివే ఈ ప్రొటోకాల్స్ పత్రాల వెనక రచయితగానో ఎడిటర్‌గానో ఉన్నది ఆయనే. 1998లో, 55 ఏళ్లకే చనిపోయారు. ఆయన జీవితం తెలిస్తే పై ప్రశ్నకు జవాబు బట్టీ పట్టాల్సిన పనిలేదు.

ముందు ఫోన్ సంగతి చూద్దాం. ఆఫీస్ టేబుల్ మీది ఐపీ ఫోన్ చూడ్డానికి పాత ల్యాండ్‌లైన్ లాగే ఉంటుంది. వెనక మాత్రం టెలిఫోన్ వైరు బదులు కంప్యూటర్‌కి పెట్టే నెట్‌వర్క్ కేబుల్ ఉంటుంది. చాలాచోట్ల కరెంటు కూడా ఆ కేబుల్లోంచే వస్తుంది. కేబుల్ గుచ్చగానే ఫోన్ ముందు డీహెచ్‌సీపీని అడిగి తనకో ఐపీ అడ్రస్ తెచ్చుకుంటుంది. అవి 67, 68 పోర్టులు. తర్వాత తన సెట్టింగ్స్ ఫైలు దించుకుంటుంది. పాత పద్ధతిలో అయితే టీఎఫ్‌టీపీ, 69. టైం సరిచేసుకోవడానికి ఎన్‌టీపీ, 123. సర్వర్ పేరును అడ్రస్‌గా మార్చుకోవడానికి డీఎన్ఎస్, 53. అవన్నీ అయ్యాక సిప్ సర్వర్ దగ్గరికి వెళ్లి, ఫలానా ఎక్స్‌టెన్షన్ నాదే, నేను ఇక్కడున్నాను అని హాజరు వేయించుకుంటుంది, 5060. ఎవరైనా కాల్ చేస్తే గంట మోగించేది సిప్. ఎత్తాక మాటను మోసేది ఆర్‌టీపీ. సిప్‌ను సంబంధం కుదిర్చే పెద్దమనిషి అనుకోండి, కుదిర్చి పక్కకు తప్పుకుంటుంది. కాపురం ఆర్‌టీపీది. ఫోన్ పెట్టేసేటప్పుడు మళ్లీ పెద్దమనిషే రావాలి!

ఈ వరసలో ఉన్నవన్నీ మామూలుగా యూడీపీ మీదే నడుస్తాయి. సిప్‌ని టీసీపీ మీద కూడా నడపొచ్చు, పెద్ద కంపెనీల్లో నడుపుతున్నారు కూడా. అయినా ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. 69 అంటే టీఎఫ్‌టీపీ, 53 అంటే డీఎన్ఎస్ అని చైనాలో తయారైన ఫోన్‌కీ, అమెరికాలో రాసిన సర్వర్ సాఫ్ట్‌వేర్‌కీ ఒకే మాట ఎలా తెలుసు? ఊళ్లో ఏ సర్వే నంబర్ ఎవరిదో పట్వారీ పహాణీలో రాసి ఉంచినట్టు, ఎక్కడో ఎవరో ఒక పద్దులో రాసి ఉంచారు కాబట్టి. ఆ పద్దు రాసింది పోస్టెల్. (మన పట్వారీల మీద ఊళ్లల్లో చెప్పుకునే కథలు వేరు. ఈయన పద్దును మాత్రం పాతికేళ్లపాటు అందరూ కళ్లు మూసుకుని నమ్మారు.)

చీటీ మీద మొదలైన ఉద్యోగం

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియాలో, అల్టడీనా అనే ఊళ్లో పుట్టారు. లాస్ ఏంజెలెస్ శివారులోని వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. చిత్రం ఏమిటంటే, తర్వాత ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్న వింట్ సెర్ఫ్, ఇంటర్నెట్ పత్రాల సంప్రదాయాన్ని మొదలుపెట్టిన స్టీవ్ క్రాకర్, వీళ్లిద్దరిదీ అదే బడి. ముగ్గురూ కలిసి పనిచేసింది మాత్రం యూసీఎల్ఏ యూనివర్సిటీలో. పోస్టెల్ అక్కడ 1966లో ఇంజినీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్ చేశారు. ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ ల్యాబ్‌లో చేరారు.

ఆ ల్యాబ్ సామాన్యమైనది కాదు. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో కట్టిన అర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో మొదటి కంప్యూటర్ ఉన్నది అక్కడే. 1969 అక్టోబర్ 29న స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటి సందేశం అక్కడి నుంచే వెళ్లింది. సగం వెళ్లి సిస్టం పడిపోయింది, అది వేరే సంగతి.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నిర్ణయించే పని స్టూడెంట్ల మీద పడింది. పెద్దవాళ్లెవరో వచ్చి చెప్తారని వాళ్లు ఎదురుచూశారు, ఎవరూ రాలేదు. దాంతో క్రాకర్ తమ ఆలోచనల్ని నోట్స్‌గా రాసి అందరికీ పంపడం మొదలుపెట్టారు. మేం చెప్పిందే శాసనం అన్నట్టు ఉండకూడదని వాటికి అభిప్రాయాలు కోరుతున్నాం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అదే ఆర్ఎఫ్‌సీ. మొదటిది 1969 ఏప్రిల్ 7న వచ్చింది. నోట్స్ పెరిగేకొద్దీ వాటికి వరస నంబర్లు వేయాలి, తప్పులు దిద్దాలి, పాతవి దాచాలి. ఆ చాకిరీ పోస్టెల్ తీసుకున్నారు. చనిపోయేదాకా, అంటే దాదాపు 29 ఏళ్లు ఆయనే ఆర్ఎఫ్‌సీ ఎడిటర్.

నంబర్ల పద్దు కూడా అలాగే వచ్చింది. ఏ కంప్యూటర్‌కి ఏ నంబర్, ఏ పనికి ఏ నంబర్ అని ఎవరో ఒకరు రాసుకోవాలి కదా. పోస్టెల్ ఒక కాగితం ముక్క మీద రాయడం మొదలుపెట్టారు. 1972 మే నెలలో వచ్చిన 349వ ఆర్ఎఫ్‌సీలో, ఈ నంబర్లు ఇచ్చేందుకు ఒక పెత్తందారు ఉంటే బాగుంటుందని ప్రతిపాదించి, బ్రాకెట్లో ప్రశ్నార్థకం పెట్టి తన పేరే సూచించుకున్నారు. సరదాగా రాసినా అదే ఖాయమైంది. ఆ ఒంటరి పద్దే తర్వాత అయానా అనే సంస్థగా మారింది. చాలాకాలం ఆ సంస్థ అంటే పోస్టెల్, ఆయనకు తోడుగా జాయిస్ రేనాల్డ్స్ అనే సహోద్యోగి. అంతే. 1994 అక్టోబర్‌లో వాళ్లిద్దరూ కలిసి వేసిన నంబర్ల జాబితా, 1700వ ఆర్ఎఫ్‌సీ, 200 పేజీలు దాటింది.

క్లాసులో ఎవరూ చేయడానికి ఇష్టపడని పని ఒకటి ఉంటుంది. ప్రాజెక్టు డాక్యుమెంటేషన్. కోడ్ రాసినవాడు హీరో, రిపోర్ట్ రాసినవాడు గుమాస్తా. పోస్టెల్ ఆ గుమాస్తా పనిని ఎంచుకున్నారని ఆయన్ని తక్కువ అంచనా వేయకండి. 1974లో ఆయన పీహెచ్‌డీ పూర్తయింది. విషయం ఏమిటో తెలుసా? ప్రొటోకాల్స్‌ని గ్రాఫ్ మోడల్స్‌తో విశ్లేషించడం. అంటే, రెండు యంత్రాల సంభాషణ ఎక్కడ ఇరుక్కుపోతుందో గణితంతో పట్టుకోవడం. వేరేవాళ్లు రాసిన పత్రంలో ఎక్కడ మెలిక ఉందో ఇట్టే కనిపెట్టేవారంటే దాని వెనక ఆ చదువు ఉంది.

మైటర్ కార్పొరేషన్‌లో కొంతకాలం, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకొంతకాలం పనిచేసి, 1977 మార్చిలో లాస్ ఏంజెలెస్ సముద్రతీరంలో మరీనా డెల్ రేలో ఉన్న ఐఎస్ఐ అనే పరిశోధన సంస్థలో చేరారు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన సంస్థ అది. ఇక అక్కడి నుంచి కదల్లేదు. పొడవాటి గడ్డం, కాళ్లకు శాండల్స్. తీరిక దొరికితే వీపున సంచి తగిలించుకుని కొండల్లోకి వెళ్లిపోయేవారు.

మాట ఆగకూడదు

మీ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఉన్నది ఐఎస్ఐలోనే. అక్కడ డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త నెట్‌వర్క్ మీద మనిషి మాటను పంపే పనిలో ఉన్నారు. ఆయన నెట్‌వర్క్ వాయిస్ ప్రొటోకాల్ 1973 డిసెంబర్‌లోనే మొదటిసారి నడిచింది. 1974లో ఐఎస్ఐకీ, అమెరికా రెండో ఒడ్డున ఉన్న లింకన్ ల్యాబ్‌కీ మధ్య అర్పానెట్ మీద మాట వెళ్లింది. మన దేశంలో టెలిఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్న రోజులవి. అప్పటికే వాళ్లు ఈరోజు ఐపీ ఫోన్ చేసే పనిని, తక్కువ నాణ్యతతోనైనా, చేసి చూశారు.

కోహెన్‌కి ఒక తలనొప్పి వచ్చింది. అప్పట్లో టీసీపీ ఒక్కటే. అడ్రస్ చూసి ప్యాకెట్‌ను దారి పట్టించడం, పోయిన ప్యాకెట్‌ను మళ్లీ తెప్పించడం, వరసలో పెట్టడం... అన్నీ అదే చేస్తుంది. ఫైలు పంపడానికి అది చక్కగా సరిపోతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి లారీ బయల్దేరిందనుకోండి. 200 బస్తాలు అని చీటీలో ఉంటే 200 దిగాల్సిందే. ఒక్కటి తగ్గినా లారీ ఆపి లెక్క తేల్చాలి, ఆలస్యమైనా ఫర్వాలేదు. టీసీపీ ఆ లారీ. కానీ మాట అలాంటిది కాదు. పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. ఒక విస్తట్లో అప్పడం పడలేదని వడ్డించేవాడు వెనక్కి నడిచి, అది వేసేదాకా మిగతా వందమందికీ సాంబారు ఆపేస్తే ఏమవుతుంది? మాటలో ఒక ముక్క పోతే చెవి సర్దుకుంటుంది. ఆ ముక్క కోసం వెనకొచ్చే ముక్కలన్నీ ఆపితే సంభాషణే చచ్చిపోతుంది. ఆలస్యంగా వచ్చిన మాట ముక్కకు ఇక విలువ లేదు.

పోస్టెల్ ఈ బాధను వేరే వైపు నుంచి చూశారు. 1977 ఆగస్టులో ఒక నోట్ రాశారు. టీసీపీ రెండు వేర్వేరు పనులు ఒకేచోట కలిపేస్తోందని, ఒక పొర పని ఇంకో పొరలో దూర్చడం తప్పని, దాన్ని రెండుగా విడగొట్టాలని అందులో వాదించారు. మర్యాదగా రాయలేదు, సూటిగా రాశారు. 1978 మొదట్లో ఐఎస్ఐలో ఒక సమావేశం విరామంలో సెర్ఫ్, కోహెన్, పోస్టెల్ వరండాలో గోడకు ఆనించిన అట్టముక్క మీద బొమ్మలు గీసుకుంటూ మాట్లాడుకుని ఆ విడదీతను ఖాయం చేశారు. దారి చూపించే పని ఐపీకి. లెక్క తేల్చే పని టీసీపీకి. లెక్క అక్కర్లేనివాళ్లు ఐపీ మీదే నేరుగా వెళ్లడానికి సన్నటి తలుపు ఒకటి కావాలి. అదే యూడీపీ. దాని రూపకల్పనలో డేవిడ్ రీడ్ పాత్ర పెద్దది. పత్రం రాసింది పోస్టెల్: 768వ ఆర్ఎఫ్‌సీ, 1980 ఆగస్టు 28. మొత్తం మూడు పేజీలు!

ఆ మూడు పేజీలు ఈ రాత్రే చదవండి. యూడీపీ హెడర్‌లో నాలుగే గడులు: పంపే పోర్టు, అందుకునే పోర్టు, పొడవు, చెక్‌సమ్. ఎనిమిది బైట్లతో సరి. టీసీపీ హెడర్ తక్కువలో తక్కువ 20 బైట్లు. నిజానికి తేడా ఈ 12 బైట్లలో లేదు. యూడీపీ ఎవరికోసమూ ఆగదు, అదీ తేడా. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పి, ఆపైన లెక్క వేసి చూపిస్తే ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

లెక్క ఇది. ఆఫీస్ ఫోన్లలో ఎక్కువగా వాడే జీ.711 కోడెక్ సెకనుకు 64 కిలోబిట్ల మాటను తయారుచేస్తుంది. దాన్ని 20 మిల్లీసెకన్లకు ఒక ముక్క చొప్పున కోస్తే ఒక్కో ముక్క 160 బైట్లు, సెకనుకు 50 ముక్కలు. ప్రతి ముక్కకూ ఆర్‌టీపీ 12 బైట్లు, యూడీపీ 8, ఐపీ 20, మొత్తం 40 బైట్ల చొక్కా తొడుగుతారు. 200 ఇంటూ 50 ఇంటూ 8, అంటే 80 కిలోబిట్లు. ఈథర్‌నెట్ బరువు వేరే. ఇది ఒక వైపు మాత్రమే, రెండో వైపు అంతే. ఆఫీస్‌లో ఒకేసారి 30 కాల్స్ నడవాలంటే ఎంత లైన్ కావాలో ఇప్పుడు మీరే చెప్పొచ్చు. మాట ఒక వైపు వెళ్లడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా చూడమని అంతర్జాతీయ టెలికం సంస్థ సిఫార్సు. పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ తెప్పించేలోపు ఆ గడువు దాటిపోవచ్చు.

మరి యూడీపీ వరస చూడదు కదా, మాట ముక్కలు తారుమారైతే? ఆ పని ఆర్‌టీపీ చేస్తుంది. దాని 12 బైట్లలో వరస నంబర్ ఉంటుంది, టైం ముద్ర ఉంటుంది. అందుకునే ఫోన్ చిన్న బఫర్‌లో ముక్కల్ని సర్దుకుని వినిపిస్తుంది, లేట్‌గా వచ్చినదాన్ని పారేస్తుంది. ఆర్‌టీపీ 1996 జనవరిలో 1889వ ఆర్ఎఫ్‌సీగా వచ్చింది. అప్పుడూ ఆర్ఎఫ్‌సీ ఎడిటర్ పోస్టెలే.

486 అంటే బిజీ

ఎవరూ పెద్దగా చెప్పని ఇంకో వారసత్వం ఉంది. సిప్‌లో అవతలి ఫోన్ మోగుతుంటే 180 వస్తుంది, ఎత్తితే 200, బిజీగా ఉంటే 486, ఆ నంబరే లేకపోతే 404. ఈ 404 మీకు వెబ్‌సైట్లలో అలవాటే. మూడంకెల ఈ జవాబుల అలవాటు ఎక్కడిది? 1974 జూన్‌లో పోస్టెల్ ఎఫ్‌టీపీ జవాబుల్ని సవరిస్తూ 640వ ఆర్ఎఫ్‌సీ రాశారు. మొదటి అంకె చూడగానే సంగతి మొత్తం తెలిసిపోవాలి, మిగతా రెండూ వివరం ఇవ్వాలి. రెండుతో మొదలైతే పని అయింది. నాలుగైతే ఇప్పటికి కాలేదు, మళ్లీ ప్రయత్నించు. ఐదైతే కాదు, వదిలెయ్. 1982లో ఈమెయిల్ మోసే ఎస్ఎంటీపీని రాసినప్పుడు అదే పద్ధతి వాడారు. అక్కడి నుంచి వెబ్ ప్రొటోకాల్ హెచ్‌టీటీపీ తీసుకుంది, దాన్ని చూసి సిప్ తీసుకుంది. దారిలో నాలుగుకూ ఐదుకూ అర్థాలు కొంచెం మారాయి, సిప్‌లో ఆరో తరగతి కొత్తగా చేరింది. కానీ లాగ్ ఫైలులో 4తో మొదలైన లైను చూడగానే సపోర్ట్ ఇంజినీర్ కన్ను ఆగుతుందంటే ఆ ఏర్పాటు 1974 నాటిది.

ఆయన పేరుతోనే ఒక సూత్రం కూడా ఉంది, పోస్టెల్ లా అంటారు. మనం పంపేది పద్ధతిగా పంపాలి, ఎదుటివాళ్లు పంపింది కాస్త అటూ ఇటూగా ఉన్నా అర్థం చేసుకుని తీసుకోవాలి అని దాని సారాంశం. 1980 నాటి ఐపీ, టీసీపీ పత్రాల్లో రాశారు. ఇంటర్నెట్ అంత వేగంగా పాకడానికి ఇది ఒక కారణం. కానీ నా మటుకు నాకు దీనిమీద పూర్తి ప్రేమ లేదు. ఐపీ ఫోన్ల ప్రపంచంలో రెండు కంపెనీల పరికరాలు కలవకపోతే వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఈ ఉదారతే. ఒకరు సిప్ మెసేజ్‌ను తప్పుగా రాస్తారు, ఇంకొకరు పోనీలే అని తీసుకుంటారు, ఆ తప్పే అలవాటైపోతుంది. మూడో కంపెనీ ఫోన్ వచ్చి ఒప్పుకోకపోతే నింద దానిమీద పడుతుంది. ఇది నా ఒక్కడి ఫిర్యాదు కాదు. 2023లో వచ్చిన 9413వ ఆర్ఎఫ్‌సీ ఈ సూత్రం వల్ల దీర్ఘకాలంలో జరిగే నష్టాన్నే చర్చిస్తుంది. ఇంటర్వ్యూలో పోస్టెల్ లా గురించి చెప్తే ఈ రెండో వైపు కూడా చెప్పండి.

ఇంకో లోటు భద్రత. ఆ రోజుల్లో నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, తలుపుకు గొళ్లెం అక్కర్లేదనుకున్నారు. ఇప్పుడు 5060 పోర్టును ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టండి, గంటలోపే ఎవరెవరో వచ్చి పాస్‌వర్డ్‌లు ఊహిస్తుంటారు. దొరికిందా, మీ ఆఫీస్ ఖర్చుతో విదేశాలకు కాల్స్ వెళ్లిపోతాయి. అందుకే సిప్‌కి టీఎల్ఎస్ తోడై 5061 వచ్చింది, మాటకు తాళం వేసే ఎస్ఆర్‌టీపీ 2004లో వచ్చింది. ఈ రెండూ నేర్చుకున్న ఫ్రెషర్‌కి మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైన చోటు దొరుకుతుంది.

ఒక్కడి చేతిలో ఎంత ఉండొచ్చు

1983 జనవరి 1న అర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. ఆ మార్పు ప్రణాళిక రాసిందీ పోస్టెలే. అదే ఏడాది ఆయన అప్పగించిన పని మీద ఐఎస్ఐలోనే పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను తయారుచేశారు. దాంతో పోస్టెల్ పద్దులోకి నంబర్లతోపాటు పేర్లూ వచ్చాయి. ప్రతి దేశానికీ రెండక్షరాలు. మన డాట్ ఇన్ 1989 మే 8న ఆ పద్దుకెక్కింది. ఏది దేశం, ఏది కాదు అన్న పంచాయితీలోకి మాత్రం ఆయన దిగలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలో ఉంటే దేశం, లేకపోతే లేదు. 1994లో 1591వ ఆర్ఎఫ్‌సీలో ఇది తేటగా రాసి పెట్టారు. అంత తెలివైన తప్పుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అప్పటిదాకా ఇదంతా పరిశోధకుల వ్యవహారం. 1995లో డొమైన్ పేర్లకు డబ్బు వసూలు చేయడం మొదలయ్యాక కథ మారింది. నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఒక్క కంపెనీ చేతిలో డాట్ కామ్ ఉంది, పేరుకు ఏడాదికి 50 డాలర్లు. కొత్త పేర్లు ఎవరు ఇవ్వాలి, ఆ హక్కు ఎవరిది? కంపెనీలు, లాయర్లు, ప్రభుత్వాలు అందరూ దిగారు. గడ్డం మనిషి కాగితం ముక్క మీద మొదలుపెట్టిన పద్దు మీద ఇప్పుడు కోట్ల డాలర్ల కన్ను పడింది.

1998 జనవరి 28న పోస్టెల్ ఒక మెయిల్ పంపారు. డీఎన్ఎస్‌కు తలకాయ లాంటివి 13 రూట్ సర్వర్లు. అసలు ప్రతి నెట్‌వర్క్ సొల్యూషన్స్ దగ్గర ఉండేది, మిగతా 12 దాన్ని నకలు తీసుకునేవి. ఆ 12లో ప్రభుత్వం చేతిలో లేని 8 సర్వర్లు నడిపేవాళ్లను, ఇకనుంచి నకలు ఐఎస్ఐలోని తన సర్వర్ నుంచి తీసుకోమని అడిగారు. ఎనిమిది మందీ మారు మాట్లాడకుండా మార్చేశారు! ఏ చట్టం ఉందని? ఏ అధికారం ఉందని? అడిగింది జాన్ కాబట్టి. మామూలు జనానికి ఏ తేడా తెలియలేదు, సైట్లు అలాగే తెరుచుకున్నాయి. కానీ వైట్‌హౌస్‌కి చెమటలు పట్టాయి. అక్కడ ఇంటర్నెట్ విధానం చూసే ఐరా మాగజినర్ ఆయన్ని వెనక్కి తగ్గమన్నారు. పోస్టెల్ అది ఒక పరీక్ష మాత్రమే అని చెప్పి వెనక్కి మార్పించారు. ఒకటి రెండు రోజుల్లోనే అమెరికా ప్రభుత్వం ఈ నిర్వహణను ఎలా మార్చాలో తన ప్రతిపాదన బయటపెట్టింది.

అది నిజంగా పరీక్షేనా, లేక ఈ పద్దు ఎవరి మాట వింటుందో ప్రభుత్వానికి చూపించడమా? దీనిమీద ఇప్పటికీ రెండు వాదాలున్నాయి. నాకు రెండోదే సబబనిపిస్తుంది. ఆయన స్వభావం తెలిసినవాళ్లు మొదటిదే అంటారు. ఏదైనా, ఇంత పెద్ద వ్యవస్థ ఒక మనిషి మీది నమ్మకంతో నడవకూడదని ఆ వారం అందరికీ తెలిసొచ్చింది, పోస్టెల్‌తో సహా. ఆయనే ముందుండి కొత్త సంస్థకు రూపం ఇచ్చారు. ఐకాన్ అనే ఆ లాభాపేక్ష లేని సంస్థ 1998 సెప్టెంబర్‌లో ఏర్పడింది. గుండె కవాటానికి అంతకుముందే ఒకసారి ఆపరేషన్ అయిన మనిషి. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చి, ఆ తర్వాతి సమస్యలతో 1998 అక్టోబర్ 16న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. వింట్ సెర్ఫ్ రాసిన నివాళి వార్తాపత్రికలో కాదు, 2468వ ఆర్ఎఫ్‌సీగా వచ్చింది. ఆ పద్దు మీద అమెరికా ప్రభుత్వ ఒప్పందం 2016 అక్టోబర్‌లో పూర్తిగా ముగిసింది.

ఐదు నెలల తర్వాత, 1999 మార్చిలో, సిప్ మొదటి పత్రం 2543వ ఆర్ఎఫ్‌సీగా వచ్చింది. ఇప్పుడు వాడే 3261వది 2002లో వచ్చింది, 269 పేజీలు. యూడీపీ మూడు పేజీల పక్కన పెట్టి చూడండి! అన్ని పేజీలూ చదవక్కర్లేదు, ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి, ఉచితంగా దొరికే ఆస్టరిస్క్ సర్వర్ పెట్టండి. రెండు మొబైల్స్‌లో లిన్‌ఫోన్ లాంటి యాప్ వేసి, ఒకే వైఫైలో రెండు ఎక్స్‌టెన్షన్లుగా రిజిస్టర్ చేయండి. ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ తెరిచి కాల్ చేయండి. మొదటి రిజిస్టర్‌కి 401 వస్తే కంగారు పడకండి, సర్వర్ పాస్‌వర్డ్ అడుగుతోందంతే. మళ్లీ పంపితే 200 వస్తుంది. తర్వాత ఇన్వైట్, 100, 180, 200, అకనాలెడ్జ్‌మెంట్, ఆపైన వరదలా ఆర్‌టీపీ. ఇది పనిచేశాక ఒక ఫోన్‌ని వైఫై తీసేసి మొబైల్ డేటా మీద పెట్టి, రౌటర్‌లో సర్వర్‌కి దారి ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి (పాస్‌వర్డ్‌లు గట్టివి పెట్టండి, పని అయ్యాక ఆ దారి మూసేయండి). గంట మోగినా మాట ఒకవైపే వినిపించే అవకాశం ఎక్కువ. రౌటర్ వెనక ఉన్న ప్రైవేట్ అడ్రస్‌నే సిప్ మెసేజ్ లోపల రాసి పంపడం వల్ల వచ్చే తంటా అది. వాయిస్ సపోర్ట్‌లో చేరినవాళ్లకు మొదటి నెలల్లోనే ఎదురయ్యే ఫిర్యాదు. దాన్ని ఇంట్లోనే ఒకసారి సరిచేసి చూసినవాళ్లకు రెజ్యూమెలో రాసుకోవడానికి ఒక నిజమైన లైను దొరుకుతుంది.

వైర్‌షార్క్‌లో ఏదో ఒక ఆర్‌టీపీ ప్యాకెట్ మీద నొక్కి ఐపీ హెడర్ విప్పండి. ప్రొటోకాల్ అన్న గడిలో 17 కనిపిస్తుంది. యూడీపీకి పోస్టెల్ పద్దులో పడిన నంబర్ అది. ఒక్క జీ.711 కాల్‌లో, ఒక్క వైపున, సెకనుకు 50 సార్లు వెళ్తుంది.